బంద్ రోజు పెళ్ళిగంప

మా ఇంట్లో రాష్ట్రం విడిపోవాలా, కలిసే ఉండాలా అన్న రచ్చ పొద్దున ఉగ్గాని తినే వేళకు మొదలయ్యేది. ఉరవకొండలో మా నాయనకు బొరుగుల బట్టీ ఉండేది. పెద్ద బాణలిలో కాగుతున్న ఇసుకలో బియ్యం పోసి తిప్పితే చిటపటమంటూ ఉబ్బి బొరుగులవుతాయి. ఆ బొరుగుల్ని నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేసిన తాలింపులో కలిపి, పైన పప్పులపొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. దీన్ని మించిన పొద్దుటి తిండి లోకంలో ఇంకొకటి ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఈ వయసులో కూడా కొట్లాటకు దిగుతాను.

ఆ ఉగ్గాని కోసం రోజూ డ్యూటీకి పోయే ముందు మా ఇంటికి వచ్చేవాడు మా మామ. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. రెండు వీధుల అవతలే ఇల్లు. ఉరవకొండకూ బెళుగుప్పకూ మధ్య తిరిగే బస్సులో కండక్టరు. ఖాకీ చొక్కా, చంకలో తోలుసంచి, మెడలో విజిల్. ఆయన మాట బస్సు వెనక సీటుకు వినపడేట్టే ఉండేది, ఎక్కడ మాట్లాడినా అంతే. మా నాయన గొంతూ తక్కువదేం కాదు. బట్టీ చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఆయనకు అరుపు తప్ప మాట రాకుండా పోయింది. ఇద్దరూ ప్రేమగా మంచీ చెడ్డా చెప్పుకుంటున్నా వీధిలో పోయేవాళ్ళు ఆగి, "ఏమప్పా, ఏం కొట్లాట?" అని అడిగేవాళ్ళు.

డెబ్బైల మొదట్లో నిజంగానే కొట్లాట వచ్చింది. రాష్ట్రం ఏర్పడి పట్టుమని ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. హైదరాబాదులో ఉద్యోగాలు అక్కడివాళ్ళకేనన్న మాట బయటికి రాగానే ఇటు పక్క ఊళ్ళన్నీ భగ్గుమన్నాయి. మనకు ఉద్యోగాలు లేని రాజధాని మనకెందుకు, విడిపోదాం అని ఒక పక్షం. కలిసినవాళ్ళం కలిసే ఉందాం అని ఇంకొక పక్షం. కాలేజీలు మూసేశారు, గోడల నిండా సున్నం రాతలు పడ్డాయి. మామ విడిపోయే పక్షం. నాయన కలిసుండే పక్షం. ఇంక మా ఇంట్లో ఉగ్గాని చల్లారిపోయేది.

"మన పిల్లోడికి ఆడ ప్యూను ఉద్యోగం గూడ ఇయ్యరంట. ఇంగ వాళ్ళతో ఏం సంసారం బావా?" అనేవాడు మామ.

"విడిపోతే ఎవురి పక్కన పడతాం? నీళ్ళుండే కోస్తావోళ్ళ పక్కన. వాళ్ళు కడుపునిండా తిని తేన్పులు తీస్తాంటే మనం చూస్తా కూసోవాల. హైదరాబాదు పక్కోళ్ళన్నా మన మాదిరి ఎండినోళ్ళు, మన బాధ తెలుస్తాది," అనేవాడు నాయన.

"తెలిసినోళ్ళు ఇన్నేండ్లు ఏం చేసినారు?"

"విడిపోయినంక నువ్వేం చేస్తావో అది చెప్పు."

అమ్మకూ మామకూ తల్లి మా అవ్వ. పగలు కూతురి దగ్గర, రాత్రి కొడుకు దగ్గర ఉండేది, కాబట్టి రెండు పక్షాల మాటలూ వినక తప్పేది కాదు. "ఏ రాష్ట్రంలో ఉంటే మన అనంతపురంలో వాన పడుతాదో అది తేల్చి చెప్పండప్పా, నేను ఆ పక్కకు వస్తా," అనేది. ఆ ఏడు శెనక్కాయ చేలు పూతలోనే మాడిపోయాయి మరి.

అప్పటికే నాకు పెళ్ళి కుదిరింది. సంబంధం తెచ్చింది మామే. పామిడిలో బట్టల అంగడి ఉన్న కుటుంబం. పిల్లవాడు ఒకసారి పని మీద బెళుగుప్పకు మామ బస్సులో పోతూ, లేచి ఒక ముసలమ్మకు సీటిచ్చాడట. మామ ఆ ఒక్క ముక్క పట్టుకుని, ఊరూ పేరూ కనుక్కుని, సెలవు పెట్టి పామిడికి పోయి మాట కదిపి వచ్చాడు. "బస్సులో సీటిచ్చినోడు ఇంట్లో చోటియ్యడా?" అన్నాడు అమ్మతో. పిల్లవాణ్ణి చూసినప్పుడు నాకు కూడా మనసైంది. ఇందులో దాచుకునేదేముంది?

ఉద్యమం జోరందుకున్నాక ఒక సంతరోజున విడిపోయే పక్షం వాళ్ళు ఊరేగింపు తీశారు. మామ ముందు వరసలో నడిచాడు. మరునాడు పొద్దున వచ్చి, గొంతు బొంగురుపోయినా, పీట మీద కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"ఇసకేస్తే రాలనంత జనం బావా!"

"ఇసక సంగతి నాకు చెప్పొద్దు. నా బతుకంతా ఇసకలోనే," అన్నాడు నాయన. "సంతరోజు ఊరేగింపు పెట్టి, సంతకొచ్చినోళ్ళనంతా మీ లెక్కలో ఏసుకుంటారా? గొర్రెలు కొనేకి వచ్చినోడు, మిరపకాయలు అమ్మేకి వచ్చినోడు, అందరూ మీవోళ్ళేనా? గొర్రెల్ని గూడ లెక్కేసినారా, వదిలిపెట్టినారా?"

"నా లెక్క తప్పుతాదా బావా? ఒక బస్సుకు ఎంతమంది పడతారో నాకు తెలీదా? సంత గేటు కాడ్నించి బస్టాండు దాకా వంద బస్సుల జనం. నా కండ్లతో కొలిచినా."

వంటింట్లో నుంచి అమ్మ అందుకుంది. "బస్సు పగిలిపోయేటంత మంది ఉన్నా చెకింగోడు ఎక్కితే నలభై మందే సార్ అంటావు. ఈపొద్దు సంతలో ఉండే జనాన్ని వంద బస్సులంటాండావు. నీ లెక్కను ఏ దేవుడు నమ్మల్ల?"

నేను నవ్వి నవ్వి చేతిలో చెంబు వదిలేశాను. మామ కూడా నవ్వాడు. నవ్వి ఊరుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది.

వారం తిరిగాక కలిసుండే పక్షం వాళ్ళు బడి మైదానంలో మీటింగు పెట్టారు. మా నాయనకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఎండలో వచ్చిన జనం ఆకలితో ఎందుకు పోవాలని, బొరుగులూ వేయించిన పప్పులూ బెల్లమూ కలిపి బండి మీద మూటలు మూటలుగా పంపాడు. వచ్చినవాళ్ళకు దోసిళ్ళతో పెట్టారు. సాయంత్రానికి మూటలన్నీ ఖాళీ. నాయన ఖాళీ గోనెసంచులు దులిపి, మడతపెట్టి, మనిషికి రెండు దోసిళ్ళ లెక్కన ఎంతమంది వచ్చి ఉంటారో తేల్చాడు. ఆ లెక్క మామ వంద బస్సుల కంటే కొంచెం పైకే తేలింది. అది ఎట్లా తేలిందో నేను చెప్పలేను గానీ, తేలింది.

మరునాడు బస్టాండు ముందర హోటల్లో నాయన ఆ లెక్క నలుగురికీ చెబుతుంటే, డ్యూటీ దిగిన మామ అక్కడికే వచ్చాడు.

"బావా, ఒక్కొక్కడూ మూడు మూడు సార్లొచ్చి పంచెలో పోయించుకోని పోయినాడు. జనం నీ మీటింగుకు రాలేదు. నీ బొరుగులకొచ్చినారు," అన్నాడు.

హోటలంతా గొల్లుమంది. నాయన ముఖం ఎర్రబడింది. ఆ బొరుగులు ఆయన లాభానికి పెట్టినవి కావు, పేరుకు పెట్టినవి కావు, ప్రేమగా పెట్టినవి. అంతమందిలో ఎగతాళి అయ్యేసరికి నోటికి ఏది వస్తే అది అనేశాడు.

"నా బొరుగుల్ని అంటాండావా? ఇన్నేండ్లు పొద్దున్నే వచ్చి నా ఇంట్లో మెక్కిన ఉగ్గాని యా బొరుగులతో చేసినారప్పా?"

హోటల్లో నవ్వు ఆగిపోయింది. పెట్టిన తిండిని ఎత్తి చూపితే మా వైపు మనిషి చచ్చినంత పని అవుతుంది. ఆ మాట నాయన నోట్లో నుంచి వచ్చిందంటే వినడానికి నాకే సిగ్గేసింది. మామ తోలుసంచి భుజానికి సర్దుకుని, "తిన్నది గుర్తు చేసినావా బావా? సరే. నా లెక్క నిజమేనని నీ నోటితో నువ్వు అనేదాకా నీ గడప తొక్కను," అని వెళ్ళిపోయాడు.

"నా నోట్లో అబద్ధం రాదు, పో!" అని నాయన వెనక నుంచి అరిచాడు.

పెళ్ళికి నెల రోజులు కూడా లేవు. అమ్మ తల పట్టుకుని కూర్చుంది. మా పద్ధతిలో పెళ్ళికూతురు తనకు తానుగా నడిచి మండపానికి రాదు. కొత్త వెదురు గంపలో కొన్ని బియ్యం పోసి, అందులో కూర్చోబెట్టి, గౌరీపూజ చేసిన గదిలో నుంచి మేనమామ ఎత్తుకుని రావాలి. మేనమామ లేకపోతే వరసకు మామ అయ్యేవాళ్ళు ఎత్తుతారు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. రెండు వీధుల అవతల రాయిలాంటి మేనమామ ఉండి కూడా రాకపోతే ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. ఊరి సంగతి అట్లా ఉంచండి, నాకే ఒప్పలేదు. నేను నడక నేర్చినప్పటి నుంచీ మామ ఒకటే అనేవాడు. "నువ్విట్లా తింటాంటే నీ గంప ఎత్తేకి నా వల్ల కాదు పాపా, క్రేను తెప్పించాల." అట్లాంటి మామ చేతుల మీద కాకుండా ఇంకెవరి చేతుల మీదనో నేను మండపం ఎక్కాలా? నాకు ఏడుపూ వచ్చింది, అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది.

ఆ కోపంతోనే మామ ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. నన్ను చూసి లేచి లోపలికి కేకేశాడు, "పాప వచ్చిందే, కాఫీ పెట్టు!" అని.

"నాకు కాఫీ వద్దు మామా. గంప ఎత్తుతావా లేదా?"

"నాయనను ఒక్క మాట అనమను. నీ లెక్క నిజమేరా అని. ఆ మాట నా చెవిలో పడిన మరునిమిషం మీ ఇంట్లో ఉంటా."

"రాష్ట్రం విడిపోతే నీకేమొస్తాది, కలిసుంటే నాయనకేమొస్తాది? మధ్యలో నా పెళ్ళి ఏం పాపం చేసింది?"

"ఇది రాష్ట్రం సంగతి కాదు పాపా," అన్నాడు బూటు వైపు చూస్తూ. "నీకు తెలీదా?"

తెలుసు. అందుకే తిరిగి వచ్చాను. నాయన దగ్గరికి పోతే ఆయనది ఇంకో రకం మొండితనం. "ఆ మాట అన్నందుకు నాకు నిద్ర పట్టడంలేదమ్మా. అయితే లెక్క తప్పు లెక్కే. వంద బస్సుల జనమంటే ఎట్లా ఒప్పుకుందు?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి కూడా నాకు జాలి రాలేదు. ఇద్దరినీ పట్టుకుని తలలు టపీమని కొట్టాలనిపించింది.

ఇంతలో ఉద్యమం ముదిరి బస్సులు కూడా ఆగిపోయాయి. మామకు డ్యూటీ లేదు, రోజంతా ఊరేగింపులే. చివరికి సరిగ్గా మా ముహూర్తం రోజునే బంద్ అని ప్రకటించారు. పొద్దున నుంచి సాయంత్రం ఆరు దాకా ఉరవకొండలో చక్రం తిరగకూడదు. ముహూర్తం మార్చుకుందామంటే పురోహితుడు పంచాంగం మూసేసి, ఇది పోతే మళ్ళీ ఉగాది తర్వాతేనన్నాడు. పెళ్ళికి పిలిచినవాళ్ళలో సగం మందైనా రారని, నాయన వంటవాడికి అన్నం తగ్గించి వండమని చెప్పాడు.

పెళ్ళి ముందు రోజు పొద్దున తలుపు తీస్తే, గుమ్మం పక్కన అరుగు మీద కొత్త గంప ఉంది. మేదరవాళ్ళతో చెప్పి అల్లించిన పెద్ద గంప. అంచుకు పసుపు రాసి, చుట్టూ ఎర్రదారం చుట్టి, పట్టుకోవడానికి రెండు పక్కలా గట్టి పిడులు పెట్టించారు. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు. గంప తేవడం మేనమామ వంతే. అమ్మ దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది.

"గంప పంపినాడు. అంటే మనిషి రాడని," అన్నాడు నాయన నీరసంగా.

"గంప పంపినాడంటే మనసు ఉండాదని," అంది అవ్వ. "మనసు ఉండేచోటికి మనిషి ఎంతసేపటికి వస్తాడో చూద్దాం గమ్మునుండండి."

పెళ్ళిరోజు తెల్లవారింది. వీధిలో పందిరి, మామిడి తోరణాలు, సన్నాయి అన్నీ సిద్ధం. మగపెళ్ళివాళ్ళు మాత్రం లేరు. పామిడి నుంచి తెల్లవారకముందే లారీలో బయలుదేరి, బంద్ మొదలయ్యేలోపల ఊళ్ళోకి వచ్చేయాలని మాట. పొద్దు ఎక్కింది. లారీ జాడ లేదు. నాయన వీధి చివరికి పోవడం, రావడం. నేను గౌరీపూజ దగ్గర కూర్చుని పసుపుముద్దకు నమస్కారాలు పెట్టడం. అమ్మవారికి ఆ రోజు మొక్కినన్ని మొక్కులు మళ్ళీ జన్మలో మొక్కలేదు.

లారీకి ఏమైందో తర్వాత మా ఆయన చెప్పగా విన్నదే. దారిలో టైరు పంక్చరై ఆలస్యమైంది. ఊరి పొలిమేరకు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, కంపచెట్లు. వందలమంది పిల్లలు. రాళ్ళ మీద నిలబడి నినాదాలు చెప్పిస్తున్నది ఎవరనుకున్నారు? మా మామే! లారీలో బాసికం కట్టుకుని నిలబడిన పెళ్ళికొడుకును చూడగానే ఆయన నినాదం మధ్యలో ఆగిపోయింది.

"రాళ్ళు తియ్యండప్పా! బిన్న తియ్యండి, తొందరగా!" అని అరిచాడట.

"అదేందన్నా? చక్రం తిరగకూడదని నువ్వే అంటివి కదా," అన్నారు పిల్లలు.

"పెళ్ళి లారీరా అది!"

"లారీ లారీయే కదన్నా. పొద్దున రెడ్డి బండి ఆపితిమి, ఇప్పుడు మీ చుట్టాలదని వదిలితే మన మాట ఎవురు నమ్ముతారు?"

మామ తల గోక్కున్నాడట. నిలబెట్టిన నియమం తను పెట్టిందే. కాసేపు ఆలోచించి, "సరే, చక్రం తిరగొద్దు. మనుషులు నడవచ్చునా లేదా?" అన్నాడు. నడవచ్చన్నారు. వెంటనే పెళ్ళివాళ్ళందర్నీ కిందికి దింపి, సారె గంపలు పిల్లల తలల మీద పెట్టించి, పెళ్ళికొడుకును తన భుజం మీదికి ఎక్కించుకున్నాడు. "నేను నడుస్తానండీ," అని మా ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు. ముందర డప్పులు, వెనక మగపెళ్ళివాళ్ళు, ఆ వెనక అడ్డం కట్టిన పిల్లలందరూ ఊళ్ళోకి బయలుదేరారు.

మాకు ముందు వినపడింది అరుపులు. "విడిపోవాలి! విడిపోవాలి!" వీధి అదిరిపోతోంది. నాయన స్నేహితులు, కలిసుండే పక్షం వాళ్ళు, మా ఇంటి మీదికి గొడవకు వస్తున్నారనుకుని కర్రలు తీసుకుని ఎదురు పరుగెత్తారు. మలుపు తిరిగితే ఏముంది? మామ భుజం మీద నా పెళ్ళికొడుకు, బాసికం పక్కకు జారిపోయి, బిక్కముఖం వేసుకుని.

అవ్వ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి వీధిలోకి దూకింది. "థూ, మీ నోళ్ళు పడిపోనూ! పెండ్లి ముంగిట విడిపోవాలి అని అరుస్తారా? నోరు మూస్తారా, చీపురు తేనా?"

పిల్లలు నాలుక కరుచుకున్నారు. మామ చెయ్యెత్తాడు. డప్పులు మాత్రం ఆగలేదు, ఇంకొంచెం గట్టిగా మోగాయి. కర్రలు తెచ్చినవాళ్ళు ఆ కర్రలు పందిరికి ఆనించి, పెళ్ళికొడుకును దింపడానికి చేయి వేశారు. కిటికీలో నుంచి చూస్తున్న నేను ఇటు గౌరమ్మను, అటు మామను మార్చి మార్చి చూస్తూ నవ్వుతున్నాను. పెళ్ళికూతురు అట్లా పళ్ళు బయటపెట్టి నవ్వకూడదని అత్తలు గదమాయిస్తున్నా ఆగలేదు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పురోహితుడు "పెళ్ళికూతుర్ని తీసుకురండి, వేళ మించిపోతోంది!" అని కేకేశాడు. మామ పందిరి అంచున నిలబడ్డాడు. గడపకు ఇటు నాయన నిలబడ్డాడు. మధ్యలో నాలుగడుగులు. అందరి కళ్ళూ వాళ్ళ మీదే.

"తమ్ముడూ, లోపలికి రా," అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

మామ కదల్లేదు. నాయన వైపు చూశాడు. నాయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఉంది, వంద బస్సులు మాత్రం గొంతు దిగడం లేదు. ఆయన అవస్థ చూడలేకపోయాను.

పురోహితుడు మళ్ళీ అరిచాడు. ఇంక నాకు ఒళ్ళు మండిపోయింది. లేచాను. పట్టుచీర ఒక చేత్తో ఎత్తిపట్టి, ఇంకో చేత్తో బియ్యంతో సహా గంప ఈడ్చుకుంటూ, నాయన పక్కగా గడప దాటాను. ఆడవాళ్ళు "అయ్యయ్యో, పెళ్ళికూతురు తనకు తానే వస్తాండాదే!" అని ముక్కున వేలేసుకున్నారు. సన్నాయి వాడు ఊదడం మరిచిపోయాడు. నేను గంపను తీసుకుపోయి సరిగ్గా మామ కాళ్ళ ముందర పెట్టి, అందులో కూర్చున్నాను.

"నువ్వు గడప తొక్కొద్దు మామా. నేనే దాటి వచ్చినా. ఇప్పుడు ఎత్తుతావా, ఈడనే కూసోనా?"

మామ ముఖం ఎట్లా అయిందో చెప్పలేను. నవ్వబోయి ఏడ్చాడు. ఏడుస్తూనే వంగి రెండు పిడులూ పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేపాడు. గంప లేవలేదు. పొలిమేర నుంచి పెళ్ళికొడుకును మోసుకొచ్చిన నడుము మరి. మళ్ళీ లేపాడు. కొంచెం లేచి, కిందికి దిగింది.

"చెప్పలే, క్రేను కావాలని?" అన్నాడు రొప్పుతూ. పందిరంతా ఘొల్లుమంది.

అప్పుడు నాయన గడప దిగి వచ్చాడు. తండ్రి గంప ఎత్తడం మా పద్ధతిలో లేదు. పురోహితుడు ఏదో అనబోతే అవ్వ ఆయన వైపు ఒక చూపు చూసింది. నాయన పైపంచె నడుముకు బిగించి, గంపకు రెండో పక్క వంగాడు.

"ఆ పక్క నువ్వు పట్టుకో. ఒకటి, రెండు, ఎత్తు," అన్నాడు.

గంప గాల్లోకి లేచింది. నా తల మీద అక్షింతలు, పూలు. ఒక పక్క నాయన, ఒక పక్క మామ, ఇద్దరి చెమట వాసనా నాకు తెలుస్తోంది. ఇంతకంటే ఏం కావాలి మనిషికి? మండపం దాకా పోయే ఆ కాస్త దూరంలోనే నా తల మీదుగా ఇద్దరూ మొదలుపెట్టారు.

"చూసినావా బావా, ఎంత జనమో?"

"నా బిడ్డ పెండ్లికొచ్చినోళ్ళప్పా వీళ్ళు."

"మా పికెటింగు పిల్లోళ్ళు వీళ్ళు!"

"గంప ఒంగుతాండాది, ముందు సరిగ్గా పట్టుకో!"

తాళి పడింది. భోజనాల వేళకు అసలు రారు అనుకున్నవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. బంద్ రోజు కాబట్టి అంగళ్ళు లేవు, పనులు లేవు, డప్పులు విని ఊరంతా మా వీధిలోకే వచ్చేసింది. తగ్గించి వండిన అన్నం రెండో పంక్తికే అయిపోయింది. వంటవాడు చేతులెత్తేశాడు. నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బట్టీ గుడిసె తెరవండి. మూటలన్నీ తెండి. ఉగ్గాని చేయండి," అన్నాడు.

పెళ్ళిభోజనంలో ఉగ్గాని ఎక్కడైనా విన్నారా? మగపెళ్ళివాళ్ళు ఏమనుకుంటారోనని అమ్మ హడలిపోయింది. వాళ్ళు మాత్రం అడిగి మరీ పెట్టించుకున్నారు. వీధిలో రెండు పక్కలా కూర్చున్నవాళ్ళలో విడిపోయేవాళ్ళూ ఉన్నారు, కలిసుండేవాళ్ళూ ఉన్నారు. అందరికీ బకెట్ ఎత్తుకుని వడ్డించింది మామ. చివర్న ఆయనే పందిట్లో ఒక విస్తరి ముందు కూర్చుని, నాయన వైపు చూడకుండా, "నాకు రవ్వంత ఎక్కువ పెట్టు బావా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు," అన్నాడు.

నాయన కింద కూర్చుని, తన చేత్తోనే పెట్టాడు. విస్తరి నిండిపోయినా పెడుతూనే ఉన్నాడు. "ఆ పొద్దు హోటల్లో నా నోటికి దయ్యం పట్టిందప్పా," అన్నాడు.

"ఊరుకో బావా. బజ్జీ యాడ?" అన్నాడు మామ.

తినడం పూర్తయ్యాక చేతులు కడుక్కుంటూనే మళ్ళీ లెక్క మొదలైంది. ఈ జనం బంద్‌కు వచ్చిన జనమని విడిపోయేవాళ్ళు, పెళ్ళికి వచ్చిన జనమని కలిసుండేవాళ్ళు. పామిడి వాళ్ళు మాత్రం ఇంతమందీ తమను చూడ్డానికే వచ్చారని మురిసిపోయారు. వాళ్ళ మురిపెం చెడగొట్టొద్దని అవ్వ అందరినీ కసిరింది.

ఆరు దాటాక బంద్ అయిపోయింది. రాళ్ళు తీసేసి లారీని మా వీధికి తెచ్చారు. అమ్మ నన్ను పట్టుకుని వదల్లేదు. అవ్వ నా కొంగులో పసుపూ కుంకుమా బొరుగులూ మూటకట్టింది. నేను ఏడ్చాను, మళ్ళీ మా ఆయన ముఖం చూస్తే నవ్వొచ్చింది, మళ్ళీ ఏడ్చాను. లారీలో పరిచిన జంపఖానా మీద నన్ను కూర్చోబెట్టారు.

మామ వెనక పలక దగ్గర నిలబడ్డాడు. మనుషుల్ని లెక్కపెట్టకుండా ఆయన ఏ బండినీ కదలనిచ్చేవాడు కాదు, కండక్టరు చేతులకు అది అలవాటు. వేలు ఊపుతూ ఒక్కొక్కరినీ ఎంచాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు కాసేపు ఆగింది.

"ఎంతమంది?" అన్నాడు నాయన పక్కకు వచ్చి.

"వాళ్ళు వచ్చినప్పటికంటే ఒకరు ఎక్కువ ఉండారు బావా," అన్నాడు మామ. తర్వాత వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడిన అమ్మనూ అవ్వనూ చూశాడు. "మన పక్క ఒకరు తక్కువ."

నాయన మామ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ లెక్క నిజమేరా," అన్నాడు.

మామ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేకపోయాడు. నాయనే లారీ పలక మీద అరచేత్తో కొట్టి, "రైట్, పోనీప్పా," అన్నాడు.